ఫారిన్ డబ్బాల బాలానగర్ మిషిను

ఆ దినాలల్ల మా దిక్కు ఒకల్ని చూసి ఒకలు కుళ్ళుకునేటందుకు పెద్దగ వస్తువులే లేకుండె. ఇప్పుడంటే పక్కోని కారును చూసి కుళ్ళుకోవచ్చు, ఇరవయ్యో అంతస్తుల ఉన్న ఇల్లును చూసి కుళ్ళుకోవచ్చు, చేతిల ఫోనును చూసి గూడ కుళ్ళుకోవచ్చు. డెబ్బయిలల్ల మా మాదాపూరుల ఏమున్నయి? గుట్టలు, సీతాఫలం చెట్లు, మేకలు. అందరికి ఉన్నయే నాకుండె, అందరికి లేనియే నాకు లేకుండె. గంత సుఖమున్న కాలంల గూడ నేను పని పెట్టుకోని, బాలానగర్ దాంక సైకిలు తొక్కుకుంట పోయి మరీ ఒక మనిషిని చూసి కుళ్ళుకున్న. ఆ ముచ్చటే ఇది. నేను సదివింది ఐదో తరగతి (అది గూడ మా పంతులు దయ). ఇంతకు ముందు నేను రాసిన పెద్ద రాత ఏందంటే కరెంటు ఆఫీసుకు పెట్టిన దరఖాస్తు. తప్పులుంటే మీరే సక్కజేసుకోని సదువుకోండ్రి.

నాకప్పుడు ఇరవై రెండేండ్లు. బాలానగర్ల ఒక చిన్న కార్ఖానల ట్రాన్స్‌ఫార్మర్లకు రాగి తీగ చుట్టే పని నాది. పొద్దుగాల ఎనిమిదికి కూసుంటె సాయంత్రం ఐదు దాంక చుట్టుడే చుట్టుడు. ఒక్కొక్క చుట్టు లెక్కపెట్టుకుంట చుట్టాలె, నడుమ ఎవరన్న పలకరిస్తే లెక్క పోతది, లెక్క పోతే అంత ఇప్పి మళ్ళ మొదటికెల్లి చుట్టాలె. అందుకే ఆ పని చేసేటోళ్ళు నోరు ఉండి గూడ మూగోళ్ళ లెక్క ఉంటరు. (ఒకనాడు ఇంటికి పోయినంక మా అవ్వ "తిన్నవా బిడ్డా" అంటే నేను "మూడొందల పన్నెండు" అన్న. అవ్వ మూడు దినాలు నాకు దిష్టి తీసింది.)

అయితే సాయంత్రమైతే నేను వేరే మనిషిని. మా మేనమామ హార్మోని వాయిస్తుండె, ఆయనను బాలానగర్ అంత హార్మోని మామ అంటుండె. పెండ్లిళ్ళకు, గణపతి మంటపాలకు వాయించేటందుకు ఆయన ఒక ఆర్కెస్ట్రా పెట్టిండు. అండ్ల గిటారు నాది. సికింద్రాబాదు పాత సామాన్ల బజారుల దొరికిన గిటారు అది, మెడ కాడ పగిలితె నేనే ఇనుప పట్టీ ఏసిన. గిటారొక్కటి ఉంటె సాలదు, దాని చప్పుడు పెద్దగ చేసే మిషిను కావాలె, యాంప్లిఫయర్ అంటరు. అది గూడ నేనే చేసుకున్న. వాల్వులని అద్దం బుడ్లుంటయి, కరెంటు ఇస్తే లోపల ఎర్రగ నిప్పు లెక్క మండుతయి, అవి పాత రేడియోలకెల్లి పీకిన. స్పీకరు ఒక డేరా టాకీసుది, సినిమా ఆడి ఆడి దాని గొంతు అరిగిపోయుండె. ట్రాన్స్‌ఫార్మరు మా కార్ఖానల మిగిలిపోయిన తీగతోని చుట్టిన, తీగ సాలలే గనక జర చిన్నగనే చుట్టిన. ఇవన్ని పెట్టేటందుకు మిషిన్ల సామాను వచ్చే కట్టెపెట్టె ఒకటి తెచ్చిన. దాని మీద "ఈ దిక్కు పైకి" అన్నట్టు బాణం గుర్తు అచ్చు పడి ఉండె, ఎంత గీకిన పోలే. తీరా చూస్తే ఆ బాణం తలకిందులు ఉన్నది. దానికి ఒకటే బొత్తం. తిప్పితే చప్పుడు పెద్దగైతది, మళ్ళ తిప్పితే చిన్నగైతది, గంతే. అది ఎప్పుడు చూసిన కుండల పేలాలు ఏగినట్టు చిటపటమంటుండె, అందుకే మామ దానికి "పేలాల మంగలం" అని పేరు పెట్టిండు. పేరు ఏమన్న గానీ, ముందు కుర్చీ నాదే గద అని నేను పట్టించుకోలే.

ముందు కుర్చీ ముచ్చట చెప్పాలె. మా ఆర్కెస్ట్రల అందరు వెనక చాప మీద కూసుంటరు, తబలాయన, డోలకాయన, పాడేటాయన గూడ. ముందుకొచ్చి ఒకే ఒక్క కుర్చీ, అది గిటారుది. ఎందుకట్ల అంటే మామకు గూడ తెల్వదు, ఎక్కడనో చూసొచ్చిండు. ఆ కుర్చీల కూసుంటె జనమంత మనల్నే చూస్తరు. మూడేండ్లు నేను ఆ కుర్చీల కూసున్న. మా మామ బిడ్డ (ఇప్పుడు నా పెండ్లాం, ఇది అచ్చైనంక సదువుతది గనక ఇక్కడ జర భయంతోని రాస్తున్న) మంటపం కాడ ఆడోళ్ళ దిక్కు కూసోని నన్ను చూస్తదని నేననుకునేది. అది నన్ను కాదు, నా అంగీ బొత్తాలు తప్పు పెట్టుకున్నది చూస్తుండె అని పెండ్లయినంక చెప్పింది.

గప్పుడు వచ్చిండు అండీబాబు. గోదావరి దిక్కు మనిషి, సర్కారు కంపెనీల గుమస్త, బాలానగర్ల కిరాయి రూముల ఉండె. మాటకు ముందు అండి, మాట చివర అండి. రూము ముంగట పండుకున్న కుక్కను గూడ "కొంచెం జరగండి" అంటుంటె నా చెవులతోని ఇన్న. గిసోంటి మనిషిని చూసి కుళ్ళుకునుడు ఎంత కష్టమో మీకు తెల్వదు. ఎవడన్న పొగరుబోతు ఉంటె కుళ్ళు సాఫీగ నడుస్తది. ఈయనేమో నన్ను చూస్తే లేచి నిలబడతడు, "మేస్త్రిగారూ, టీ తాగారాండి" అంటడు. కుళ్ళుకున్నప్పుడల్ల నాకే సిగ్గైతుండె, సిగ్గైన కొద్ది ఇంక ఎక్కువ కుళ్ళుకునేది.

ఆయన గిటారు పట్టుకోని, మేము వాయించుకునే మామ ఇంటి షెడ్డుకు వచ్చిన తొలినాడే రిక్షల ఒక పెట్టె దిగింది. నల్లగ, తోలు లెక్క గుడ్డ చుట్టి ఉన్నది, ముంగట బంగారు రంగు జాలి, పైన ఆరు బొత్తాలు, ఒక చిన్న ఎర్ర లైటు. సికింద్రాబాదుల రైల్వే దొర ఒకాయన దేశం ఇడిసి పోతుంటె ఈయన తీసుకున్నడంట. ఫారిన్ మాలు. ఆయన దాని తీగ ప్లగ్గుల పెట్టి, "ఒక్క నిమిషం ఆగాలండి, వాల్వులు వేడెక్కాలి" అన్నడు. నా మిషిను గూడ వేడెక్కాలె. నేను గా మాటంటే మామ "అరే అల్లుడా, గణపతి నిమజ్జనమైనంక వేడెక్కుతదా నీ మంగలం?" అంటుండె. ఈయన అంటే మాత్రం మామ చేతులు కట్టుకోని, గుళ్ళె కూసున్నట్టు కూసున్నడు. నిమిషం అయింది. అండీబాబు ఒక తీగ మీటిండు. ఒకటే తీగ. ఆ చప్పుడు ఎట్లున్నదంటే, గిన్నెలకెల్లి తేనె వంచితే తెగకుండ కారుతది సూడు, గట్ల. మామ "క్యా బాత్ హై!" అన్నడు. మూడేండ్లల్ల నాకు ఒక్కసారి గూడ "క్యా" దాంక రాలే. మామ బిడ్డ వంటింట్లకెల్లి తడి చేతులతోని వచ్చి తలుపు కాడ నిలబడ్డది.

"బావా, నీ దాంట్ల గిట్ల ఎందుకు రాదు?" అని అందరి ముంగట అడిగింది.

"అది ఫారిన్‌ది" అన్న.

"మరి నువ్వు?"

అందరు నవ్విన్రు. అండీబాబు ఒక్కడు నవ్వలే. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

ఒక ఆదివారం ఆయన నన్ను రూముకు పిలిచిండు. పోవద్దనుకున్న, పోయిన. గోడ నిండ ఫోటోలు. ఇంగ్లీషు పుస్తకాలకెల్లి కత్తిరించి అంటబెట్టిండు. అంత గిటారు వాయించే దొరలు, నల్ల దొరలు, తెల్ల దొరలు. వాళ్ళ పేర్లు ఆయన చెప్పిండు గానీ నాకు నోరు తిరగలే, నేనే పేర్లు పెట్టుకున్న: ఒకాయన జులపాలాయన, ఒకాయన ఎడమచేతాయన, ఒకాయన లావుపాటాయన. ఒక్కొక్కరి వెనక ఒక్కొక్క మిషిను నిలబడి ఉన్నది. ఒకాయన వెనకైతే బీరువ మీద బీరువ పెట్టినట్టు ఉన్నది. "ఈయన ఈ యాంప్ తప్ప ఇంకోటి ముట్టరండి. ఈయనేమో చిన్నదే వాడతారండి, పూర్తిగా పైకి తిప్పేసి" అని అండీబాబు మా అవ్వ దేవుళ్ళను చూపించినట్టు చూపిస్తున్నడు. అందరు మనుషులను చూస్తరు గద, నేను మిషిన్లనే చూసిన. వాటి వెనక పలక ఇప్పితే లోపల ట్రాన్స్‌ఫార్మరు ఎంత ఉంటదో, ఎన్ని చుట్లు ఉంటయో అని మనసుల లెక్క పెడుతున్న. గంత మిషిను నాకుంటె ఎడమచేతితోని గాదు, కాలుతోని వాయించేటోన్ని అనుకున్న.

అంతల ఆయన గ్రామఫోను మీద ఎడమచేతాయన రికార్డు పెట్టిండు. గిటారు మొదలైంది. మొదలైన అర నిమిషానికి నేను లేచిన. చప్పుడు అంత పగిలిపోతున్నది, జీరగ, బొంగురుగ, రేకు చీరినట్టు.

"సారూ, ఆపుండ్రి. ఆయన మిషిను ఖరాబైంది" అన్న.

"కాదండి, అది..."

"ఖరాబే సారూ. వాల్వు పోయింది, లేకుంటె ట్రాన్స్‌ఫార్మరు సాలుతలేదు. గంత పెద్ద మనిషికి మంచి మేస్త్రి దొరకలే, పాపం. నా దగ్గరికి తెస్తే అర్ధగంటల మంచిగ చేసి ఇస్త."

అండీబాబు మంచం మీద కూలబడి నవ్విండు. కండ్లల్ల నీళ్ళొచ్చినయి ఆయనకు. "మేస్త్రిగారూ, అది ఖరాబు కాదండి. కావాలనే అలా పలికిస్తారండి. మిషిను తట్టుకోలేనంత పైకి తిప్పేస్తే వాల్వులు ఏడుస్తాయండి. ఆ ఏడుపు కోసమే వీళ్ళంతా పడి చస్తారు. నా పెట్టె మరీ బలమైనదండి, ఎంత తిప్పినా ఏడవదు" అన్నడు. నేను నమ్మలే. ఖరాబైన మిషినును మెచ్చుకునే దేశాలుంటయా అని దారి పొడుగున అనుకుంట సైకిలు తొక్కిన.

ఆ దినం సంది నాకు అన్నం సయించలే. చుట్టు లెక్క తప్పుతున్నది, సేటు తిడుతున్నడు. ఆయనకు ఆ పెట్టె ఉన్నది గనకనే అట్ల వాయిస్తున్నడు, అది నాకుంటె నేను గూడ వాయిస్త, ఇదొకటే మాట తలకాయల తిరుగుతుండె. దాని మీద మామ ఇంక అగ్గి ఏసిండు. గణపతి పండుగ పదిహేను దినాలుందనంగ అందర్ని కూసోబెట్టి చెప్పిండు: "చూడు అల్లుడా, కుర్చీ ఒకటే ఉన్నది, గిటార్లు రెండైనయి. కాలనీ మంటపంల ఆఖరు దినం ఇద్దరు వాయించుండ్రి. జనం ఎవరికి 'మళ్ళొక్కసారి' అంటే గాయనదే కుర్చీ. రెండో ఆయన వెనక చాప మీద సొరబుర్ర ఊపాలె." సొరబుర్ర అంటే ఎండిన సొరకాయల గులకరాళ్ళేసింది, గలగలమంటది. దాన్ని అప్పటిదాంక పాడేటాయన బావమరిది ఊపుతుండె, వానికి ఒక చెవు ఇనబడదు. మామ బిడ్డ ముంగట నేను సొరబుర్ర ఊపుడా! ఆడోళ్ళ దిక్కు కెల్లి అది చూసి నవ్వుడా! నా పానం పోయినట్టైంది.

గప్పుడు దేవుడు నన్ను పరీక్ష చేసిండు. ఆఖరు దినానికి ఐదు దినాల ముందు అండీబాబు పెట్టె ఆగిపోయింది. రిక్షల ఏసుకోని ఇంకెక్కడికో పోలే, నా దగ్గరికే వచ్చిండు. "మీరు తప్ప నాకు దిక్కు లేదండి మేస్త్రిగారూ" అన్నడు. వెనక పలక ఇప్పి చూసిన. లోపల ఒక సోల్డరు అతుకు వదులైంది, గంతే. అంటించేటందుకు బీడీ తాగినంత సేపు పట్టదు. నేను తలకాయ గోక్కుంట, "మూడు దినాలైతది సారూ" అన్న. ఆయన "అయ్యో, ఎంత శ్రమండి మీకు" అన్నడు.

మీరు నన్ను తిట్టుకోండ్రి, తప్పులేదు. ఆ మూడు దినాలల్ల నేను చేసిన పని ఏందంటే, ఆయన పెట్టెల ఉన్నదంత తీసి నా కట్టెపెట్టెల పెట్టిన, నా దాంట్ల ఉన్నదంత తీసి ఆయన పెట్టెల పెట్టిన. స్పీకరుతోని సహ. పైన డబ్బా ఫారిన్, లోపల అంత బాలానగర్. మొదలైతే సుమారుగ పెట్టేద్దామనుకున్న. పెట్టి ఇన్నంక భయమైంది. చిటపటమంటున్నది! మంటపంల చిటపటమంటే అండీబాబు పలక ఇప్పి చూస్తడు, చూస్తే దొరికిపోత. గందుకని మళ్ళ కూసున్న. ప్రతి అతుకు ఇప్పి మళ్ళ అంటించిన. అరిగిన స్పీకరుకు కొత్త కాగితం అతికిన. తీగలన్ని జడ అల్లినట్టు సక్కగ కట్టిన. నా ట్రాన్స్‌ఫార్మరును ఇప్పి, చుట్టుకు చుట్టు ఆనేటట్టు మళ్ళ చుట్టిన, తీగ మాత్రం గా తక్కువదే. నా సొంతానికి ఏనాడు గంత శ్రద్ధ పెట్టలే. దొంగతనం బయట పడొద్దని నా జన్మల చేయనంత మంచి పని చేసిన. ఆరు బొత్తాల ముచ్చటొకటి ఉండె. నా మిషినుకు ఒకటే బొత్తం గద. గందుకని ఒకటి కలిపిన, కడమ ఐదు ఉత్తగ తిరిగేటట్టు బిగించిన. ఎవరు చూస్తరు అనుకున్న. (వాయించేటోడు చూస్తడని నాకు తోచలే. కుళ్ళు ఉన్న తలకాయల తెలివికి జాగ ఉండదు.)

ఆఖరు దినం వచ్చింది. పొద్దు గూకినంక కాలనీల లైట్లన్ని ఎలిగినయి, మంటపం చుట్టు రంగురంగుల కరెంటు బుగ్గలు, ఇంటింటి కరెంటు ఒకటేసారి లాగేసరికి అన్ని జర మసకగనే ఎలుగుతున్నయి. ముందు నేను. పేలాల మంగలంల ఫారిన్ సామాను ఉన్నదని నాకొక్కనికే ఎరుక. ఛాతి ఇంత చేసుకోని కుర్చీల కూసున్న. వాయించిన. వాయిస్తుంటె చిటపట లేదు, సాఫీగ ఉన్నది, గొప్పగున్నదని నేననుకున్న. అయిపోయింది. జనం చప్పుడు చేయలే. ముందు వరుసల ఒక ముసలవ్వ "అయిపోయిందా బిడ్డా? ఇగ హారతియ్యిండ్రి" అన్నది. ఎవరో నలుగురు చప్పట్లు కొట్టిన్రు, అండ్ల ఒకాయన అండీబాబు.

తర్వాత ఆయన కూసున్నడు. బొత్తాల మీద చెయ్యి ఏసిండు. మొదటిది తిప్పిండు, మీటిండు. రెండోది తిప్పిండు, మీటిండు. మూడోది తిప్పి ఆగిండు. తల ఎత్తి నా దిక్కు చూసిండు. నేను గణపతి దిక్కు చూసిన. ఆయన మళ్ళ కడమ బొత్తాలన్ని ఒక్కొక్కటి నెమ్మదిగ, ఎంతో పని ఉన్నట్టు తిప్పిండు. జనం "చూడు, ఎట్ల సెట్ చేస్తున్నడో" అంటున్నరు. ఆఖరుకు పని చేసే బొత్తం మీద చెయ్యి పెట్టి, పూర్తిగ పైకి, ఇంక తిరగనంత తిప్పిండు.

నా చిన్న ట్రాన్స్‌ఫార్మరు గంత బరువు మోయలేదు, పైగ కరెంటు మసకగున్నది. కాలిపోతదనుకున్న. అది కాలలే. ఏడ్చింది. ఆయన గిటారు మీటుతుంటె ఆ మిషిను గొంతు జీరబోయి, ఏడుపు ఆపుకోని మాట్లాడే మనిషి లెక్క పలికింది. అచ్చం ఆ రికార్డు మీద ఇన్న చప్పుడు. నేను ఖరాబైందన్న చప్పుడు. మంటపంల పిల్లల అల్లరి గూడ ఆగిపోయింది. ఇందాకటి ముసలవ్వ కొంగు నోట్ల పెట్టుకున్నది. మామ హార్మోని మీద చేతులు అట్లనే ఉంచి, మెట్లు నొక్కుడు మరిచిపోయిండు. అయిపోంగనే జనం లేచి "మళ్ళొక్కసారి! మళ్ళొక్కసారి!" అని అరిచిన్రు.

"అరే, ఫారిన్ మాలంటే ఫారిన్ మాలే!" అన్నడు మామ కండ్లు తుడుసుకుంట.

అది ఫారిన్‌ది కాదు, నాది! ఆ తీగ నేను చుట్టిన, ఆ కాగితం నేను అతికిన! అని అరవాలె నేను. ఎట్ల అరుస్త? అరిస్తే దొంగనైత. నోట్లె మాట నోట్లెనే ఉన్నది, కడుపుల మంట కడుపులనే ఉన్నది. ఇంతకు ముందు ఇంకొకని వస్తువును చూసి కుళ్ళుకున్న. ఆ దినం నా సొంత వస్తువును చూసి నేనే కుళ్ళుకున్న. గిసోంటి రోగం ఏ దవాఖానల చెప్పుకోవాలె? పైగ మామ బిడ్డ నా పక్క నుంచి పోతపోత, "బావా, నీ పెట్టె ఉత్త డబ్బా" అన్నది.

"దాని లోపల ఉన్నది ఫారి..." అని నాలుక కరుసుకున్న.

"ఏంది?"

"ఏంలేదు. సొరబుర్ర ఎక్కడున్నది?"

రెండు దినాలు ఓపిక పట్టిన. మూడో దినం సాయంత్రం కార్ఖాన కెల్లి సక్కగ అండీబాబు రూముకు పోయిన. కాళ్ళు పట్టుకోని తప్పు ఒప్పుకుందామనే పోయిన, ఒట్టు. తలుపు తీసిన మనిషి నన్ను చూసి ఎప్పటి లెక్కనే, "రండి మేస్త్రిగారూ, టీ తాగుతారాండి" అన్నడు. మూలకు ఆ పెట్టె ఉన్నది. దాన్ని చూడంగనే ఒప్పుకునుడంత మరిచిపోయిన.

"నాది నాకియ్యుండ్రి!" అన్న గట్టిగ.

ఆయన స్టవ్ మీద గిన్నె పెట్టుకుంట, "మీరే కదండీ మార్చారు" అన్నడు.

"మీకెట్ల ఎరుక?"

"ఐదు బొత్తాలు పని చెయ్యకపోతే తెలీదాండి?"

"మరి గప్పుడే ఎందుకు అడగలే?"

"మీటి చూశాక అడగబుద్ధి కాలేదండి. ఆ ఫోటోల్లో వాళ్ళ మిషినుల్లా పలికింది. ఇన్నేళ్ళూ నా పెట్టెలో దానికోసమే వెతుకుతున్నాను, ఎప్పుడూ దొరకలేదు. మీరు అడిగితే ఇచ్చేద్దాం, అడక్కపోతే ఊరుకుందాం అనుకున్నానండి. కొంచెం దొంగబుద్ధే, ఏమీ అనుకోకండి" అన్నడు. దొంగతనం నేను చేస్తే, దొంగబుద్ధి తనదంటున్నడు! గిసోంటి మనిషితోని కొట్లాడుడు ఎట్ల?

"తీసుకెళ్ళిపోండి. ముందొకసారి వాయించి చూడండి, బాగానే ఉందో లేదో" అని తన గిటారు నా చేతికిచ్చిండు. బొత్తం పూర్తిగ పైకి తిప్పిన. మంటపంల ఆయన వాయించిందే వాయించిన. ఏడుస్తదనుకున్న. జలుబు జేసిన మేక అరిచినట్టు అరిచింది. మళ్ళ వాయించిన. మేక ఇంకొంచెం దగ్గరికొచ్చింది. బయట కుక్క లేచి పోయింది. ఆయన గిటారు తీసుకోని అదే ముక్క, అదే బొత్తం మీద వాయించిండు. రూమంత మళ్ళ ఆ ఏడుపు. నేను కిందికి చూసుకుంట కూసున్న. ఇన్నాళ్ళు నేను ఏ పెట్టె మీద తప్పు మోపుకుంట వచ్చిన్నో, ఆ పెట్టెది ఏం తప్పు లేదని గప్పుడు ఎరుకైంది. నా ఇన్నేండ్ల బతుకుల గంత చేదు టీ తాగలే (సక్కెర గూడ తక్కువైంది).

ఆయన గిటారు పక్కకు పెట్టి, నన్ను చూడకుండ అన్నడు: "ఒక మాట చెబుతానండి, నవ్వకండి. మిమ్మల్ని మొదటిసారి చూసిన రోజు నుంచీ నాకు కుళ్ళేనండి."

"ఎవల్ని చూసి?"

"మిమ్మల్నేనండి. నా ఆరు బొత్తాలూ ఎవరో దొర వదిలేసి వెళ్ళినవి. మీ ఒక్క బొత్తం మీరు చేసుకున్నది. అది పాడైతే మీరే బాగుచేసుకుంటారు. నాది ఆగిపోతే నేను రిక్షా ఎక్కించుకుని మీ ముందు చేతులు కట్టుకు నిలబడాలి. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదండి నాకు."

నేను గ్లాసు కింద పెట్టిన. నన్ను చూసి ఒక మనిషి కుళ్ళుకున్నడని ఇన్నది నా జన్మల గదే మొదటిసారి. కడుపుల ఏదో సల్లగ దిగింది.

"సారూ" అన్న.

"చెప్పండి."

"ఆ ముచ్చట మళ్ళొక్కసారి చెప్పుండ్రి."

ఆయన మళ్ళ చెప్పిండు, మొత్తం, నిద్ర పట్టకపోవుడుతోని సహ. ఆ దినం ఇంటికి పోయి మూడు గిన్నెల అన్నం తిన్న. అవ్వ మళ్ళ దిష్టి తీసింది.

మిషిను ఆయన దగ్గరనే ఉంచిన. ఉత్తగ తిరిగే ఐదు బొత్తాలకు గూడ ఒక్కొక్క పని కల్పించిన, ఇప్పుడు ఒకటి తిప్పితే లోతుగ, ఒకటి తిప్పితే పదునుగ పలికేటట్టు. ముందు కుర్చీల ఆయన కూసునేది, నేను వెనక చాప మీద సొరబుర్ర ఊపుకుంట, మిషిను వెనక పలక తీసి వాల్వులు ఎట్ల మండుతున్నయో చూసుకుంట కూసునేది. జనమంత ఆయనను చూసేటోళ్ళు, నేను నా ఎర్ర బుడ్లను చూసేటోన్ని. ఎవరన్న "ఏ దేశం మాలు సార్?" అని అడిగితే ఆయన "బాలానగర్ అండి" అనేటోడు. నవ్వులాటకు అంటున్నడని అందరు అనుకునేటోళ్ళు, ఒక్కడు గూడ నమ్మలే. నాలుగేండ్లకు ఆయనకు విశాఖపట్నం బదిలీ అయింది. రైలు డబ్బా ఎక్కించేటప్పుడు ఆ పెట్టెను కూలోని చేతికియ్యలే, ఇద్దరం చెరొక దిక్కు పట్టినం. రైలు కదిలినంక గూడ ఆయన కిటికీల కెల్లి "తడవకుండా చూసుకుంటానండి" అంటనే ఉన్నడు. తర్వాత నేను తీగలు చుట్టుకుంట, ఇంకొకల మిషిన్లు చేసుకుంట బతికిన. గిటారు మా ఇంట్ల గోడకు ఎక్కింది, దిగలే. ఎవరు దించమని గూడ అడగలే.

మొన్న మా ఇంటామె (గా మామ బిడ్డనే), నేను మదీనాగూడల బస్సు కోసం నిలబడితే ఎదురుంగ గిటార్ల దుకాణం కనబడ్డది. ఇంటామె "వద్దు, బస్సొస్తది" అంటనే ఉన్నది, నేను లోపలికి పోయిన. సబ్బుపెట్టెంత ప్లాస్టిక్ డబ్బా ఒకటి కింద పెట్టి, దుకాణం పోరడు గిటారు వాయిస్తున్నడు. వాల్వులు లేవు, వేడెక్కుడు లేదు, వేలుతోని నొక్కంగనే ఆ జీరబోయిన ఏడుపు!

"ఇదేంది బిడ్డా?"

"తాతా, పాతకాలంల పెద్ద పెద్ద గిటారోళ్ళు వాడిన మిషిన్లున్నయి గద, వాటి సౌండ్లన్ని దీంట్ల ఏసిన్రు. పేరు చూసి నొక్కుడే. ప్రపంచంల ఉన్న మంచి మిషిన్లన్ని దీంట్లనే ఉన్నయి."

"అన్ని ఉన్నయా?"

"అన్ని ఉన్నయి."

"హార్మోని మామ ఆర్కెస్ట్రాది ఉన్నదా?"

పోరడు మంచోడు. నవ్వకుండ, ఆ చిన్న అద్దంల పేర్లన్ని పైకి కిందికి జరిపి జరిపి ఎతికిండు. "లేదు తాతా" అన్నడు ఆఖరుకు.

నేను బయటికొచ్చేసరికి బస్సు పోయింది. ఇంటామె నా మొకం చూసి, "బస్సు పోయినందుకు గింత సంబురమేంది నీకు?" అన్నది. నా మిషిను చప్పుడు ఒక్కటి ఆ డబ్బాల లేదని చెప్పిన. నడిరోడ్డు మీద నిలబడి నడుము మీద చేతులు పెట్టుకున్నది. "డెబ్బై దాటినయి. పండ్లు ఊడినయి. సబ్బుపెట్టెను చూసి గూడ కుళ్ళుకుంటున్నవా?"

"కుళ్ళు కాదే" అన్న.

"మరేంది?"

ఇంకొక బస్సొచ్చే దాంక ఆలోచించిన. బస్సెక్కి, సీటు దొరికి, ఆమె కిటికీ దిక్కు కూసున్నంక, అవు, కుళ్ళేనని ఒప్పుకున్న.